డ్రైవరు లేని బండ్లు రోడ్ల నిండా వచ్చేస్తాయంటే నమ్మబుద్ధి కావడం లేదు

చక్రధరం:

అందరికీ నమస్కారం. 31 ఏళ్లు బస్సు నడిపి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాను. డ్రైవరు లేని కార్లు త్వరలో ప్రతి వీధిలోనూ తిరుగుతాయని చదివినప్పుడల్లా ఒక ప్రశ్న నన్ను తొలిచేస్తోంది. తెలిసినవారు ఎవరైనా చెబుతారని ఇక్కడ రాస్తున్నాను.

రోడ్డు అంచున ఒక మనిషి నిలబడి ఉంటాడు. దాటుతాడో లేదో తెలియదు. నేను ముందు అతని పాదాలు చూస్తాను, ఆ తరువాత ముఖం. అతనూ నా ముఖం చూస్తాడు. నేను తల ఊపితే దాటుతాడు, అరచెయ్యి చూపిస్తే ఆగుతాడు. నోరు విప్పకుండా జరిగే ఈ సంభాషణ రోజుకు కొన్ని వందల సార్లు జరిగేది. సిగ్నల్ లేని కూడలిలో నాలుగు వైపుల నుంచి నాలుగు బండ్లు వస్తే ఎవరు ముందు వెళ్లాలో ఎవరమూ నియమాల పుస్తకం తెరిచి తేల్చుకోలేదు. ఒకరు చక్రం అర అడుగు ముందుకు కదిలిస్తారు, ఇంకొకరు లైటు ఒకసారి ఆర్పి వెలిగించి దారి ఇస్తారు. అంతే, నలుగురూ క్షేమంగా వెళ్లిపోతారు.

సీటులో మనిషే లేని బండితో ఈ ఒప్పందం ఎలా కుదురుతుంది? 2025 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద ఎత్తున కరెంటు పోయి సిగ్నళ్లు ఆరిపోయినప్పుడు వేమో కంపెనీవి, డ్రైవరు లేని కార్లు కూడళ్లలో నిలిచిపోయాయని చదివాను. మనుషులు నడిపే బండ్లు మాత్రం ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ కదిలాయి. నా సందేహమంతా ఆ ఒక్క దృశ్యంలో ఉంది.

తెల్లగీత:

చక్రధరం గారూ, నేను ఆరేళ్లుగా ఈ రంగంలోనే సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. మీరు అడిగిన ప్రశ్న మా పనిలో అన్నిటికన్నా కష్టమైన భాగం.

కొంచెం వెనక్కి వెళ్లి చెబుతాను. 2004లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా మొహావీ ఎడారిలో డ్రైవరు లేని వాహనాలకు పోటీ పెట్టింది. దారి పొడవు సుమారు 240 కిలోమీటర్లు. అందరికన్నా ముందుకు వెళ్లిన బండి 12 కిలోమీటర్ల దగ్గర ఇరుక్కుపోయింది. బహుమతి ఎవరికీ దక్కలేదు. మరుసటి ఏడాది అయిదు వాహనాలు గమ్యం చేరాయి, స్టాన్‌ఫర్డ్ జట్టు గెలిచింది. ఆ ఒక్క ఏడాదిలో వచ్చిన మార్పు చూసి, ఇక పని అయిపోయినట్లేనని చాలామంది అనుకున్నారు. గూగుల్ 2009లో మొదలుపెట్టిన ప్రాజెక్టే ఇప్పటి వేమో. ఆ కార్లు డ్రైవరు లేకుండా సామాన్య ప్రజలందరినీ ఎక్కించుకోవడానికి 2020 దాకా పట్టింది, అదీ మొదట ఫీనిక్స్ ప్రాంతంలో మాత్రమే. 2019లో టెస్లా కార్ల కంపెనీ అధిపతి ఈలాన్ మస్క్ మరుసటి ఏడాదికల్లా పది లక్షలకు పైగా రోబో టాక్సీలు వస్తాయని చెప్పారు. ఆ ఏడాది వచ్చింది, వెళ్లింది, టాక్సీలు రాలేదు.

ఎందుకింత ఆలస్యం? ఎడారిలో బండికి ఎదురయ్యేవి రాళ్లు, గుంటలు. వాటికి మనసు ఉండదు. ఊరి రోడ్డు మీద ఎదురయ్యేది మనిషి. లైడార్ కాంతి కిరణాలతో దూరం కొలుస్తుంది, రాడార్ వేగం చెబుతుంది, కెమెరా రంగునూ ఆకారాన్నీ పట్టుకుంటుంది. అక్కడ ఒక మనిషి ఉన్నాడని మూడూ కలిసి చాలా బాగా చెప్పగలవు, రాత్రిపూట మన కళ్ల కన్నా మెరుగ్గా చెప్పగలవు. మరో రెండు సెకన్లలో అతను ఏం చేస్తాడన్నది మాత్రం ఊహించాలి. అనుమానం వస్తే యంత్రం ఆగుతుంది. ప్రతి అనుమానానికీ ఆగితే రోడ్డు స్తంభిస్తుంది. అనుమానాన్ని పక్కకు నెట్టమని మేము రాస్తే ఎక్కడో ఒకచోట ప్రాణం పోతుంది. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే మా రోజువారీ పోరాటం.

పూలబాట:

ఈ చర్చ చదువుతుంటే చేతులు వణుకుతున్నాయి. అయినా రాస్తాను.

నా తమ్ముడిని ఢీకొట్టిన లారీ డ్రైవరు నిద్రపోయాడు. అంతే. కుట్ర లేదు, పగ లేదు, తాగి కూడా లేడు. వరుసగా రెండు రాత్రులు బండి నడిపి కునుకు తీశాడు. నా తమ్ముడు రోడ్డు పక్కన స్కూటరు ఆపుకుని ఫోనులో మా అమ్మతో మాట్లాడుతున్నాడు. ఫోను తెగిపోయిందని అమ్మ మూడుసార్లు మళ్లీ చేసింది.

చక్రధరం గారూ, మీరు మంచి డ్రైవరు అయి ఉంటారు. మీలాంటివారి కళ్లను తలుచుకుని మనిషి నడపడమే మేలని అనకండి. ఆ రోజు ఆ సీటులోని కళ్లు మూసుకుపోయి ఉన్నాయి. యంత్రానికి నిద్ర రాదు. నాకు ఆ ఒక్క గుణం చాలు.

చక్రధరం:

అమ్మా, మీ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఉండకూడదు కూడా. నేనూ రెండుసార్లు స్టీరింగు మీద తూలాను. మొదటిసారి కండక్టరు భుజం తట్టి లేపాడు. రెండోసారి బండి దానంతట అదే మట్టి అంచు మీదకు దిగి, ఆ కుదుపుకు మెలకువ వచ్చింది. వెనక నలభై మంది ఉన్నారు. ఇన్నేళ్లలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

లెక్కలమాస్టారు:

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం రోడ్డు ప్రమాదాల్లో ఏటా సుమారు 11.9 లక్షల మంది చనిపోతున్నారు. 5 నుంచి 29 ఏళ్ల మధ్య వయసువారి మరణాలకు అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే. పూలబాట గారి బాధ వెనక ఇన్ని లక్షల ఇళ్లు ఉన్నాయి. కాబట్టి యంత్రం వద్దని నేను అనను. సురక్షితమని ఎంత ఆధారంతో అంటున్నారని మాత్రం అడుగుతాను.

అమెరికాలో మనుషులు నడిపే బండ్ల వల్ల పదికోట్ల మైళ్లకు, అంటే 16 కోట్ల కిలోమీటర్లకు, సుమారుగా ఒక మరణం నమోదవుతుంది. మనిషి అంత చెడ్డ డ్రైవరేమీ కాదన్నమాట. ఇంత అరుదైన ఘటనలో యంత్రం కూడా మనిషికి తీసిపోదని నిరూపించాలంటే ఒక్క మరణమూ లేకుండా 27.5 కోట్ల మైళ్లు నడవాలని ర్యాండ్ పరిశోధన సంస్థ 2016లో లెక్క కట్టింది. వంద కార్లను గంటకు 25 మైళ్ల వేగంతో రాత్రింబవళ్లు తిప్పితే పన్నెండున్నర ఏళ్లు పడుతుంది. పైగా మధ్యలో సాఫ్ట్‌వేర్ మారుతూనే ఉంటుంది. మారిన తరువాత పాత లెక్క కొత్త బండికి ఎంతవరకు వర్తిస్తుంది?

అవతలి పక్షం కూడా చెప్పాలి. వేమో 2025 నాటికి డ్రైవరు లేకుండా పదికోట్ల మైళ్లు దాటింది. అంతకుముందు 2.53 కోట్ల మైళ్ల మీద స్విస్ రీ బీమా సంస్థతో కలిసి చేసిన అధ్యయనంలో గాయాలకు సంబంధించిన బీమా క్లెయిములు మనుషుల కన్నా 92 శాతం తక్కువని తేలింది. ఆ అధ్యయనంలో కంపెనీకి భాగం ఉంది నిజమే, అయినా అంత పెద్ద తేడాను కొట్టిపారేయలేం. నా అభ్యంతరం ఒకటే. ఆ మైళ్లన్నీ ముందే అంగుళం అంగుళం పటం గీసుకున్న కొన్ని నగరాల్లోవి. ఒక బడిలో నూటికి నూరు తెచ్చుకున్న పిల్లవాడు ఎక్కడ పరీక్ష రాసినా నూరే తెస్తాడని నేను సంతకం పెట్టలేను.

వానచినుకు:

కుండపోత వానలోనూ దట్టమైన మంచులోనూ ఈ లైడార్ పని చేస్తుందా? నా అద్దాల మీద నాలుగు చినుకులు పడితేనే నాకేమీ కనిపించదు.

తెల్లగీత:

తగ్గుతుంది. చినుకులూ మంచు రేణువులూ కాంతిని వెనక్కి తిప్పికొడతాయి, వాటిలో కొన్ని లేని అడ్డంకుల్లా కనిపిస్తాయి. మంచు పేరుకుంటే రోడ్డు మీది గీతలు కెమెరాకు కనిపించవు. రాడార్ తట్టుకుంటుంది కానీ ఆకారాన్ని అంత స్పష్టంగా చెప్పలేదు.

వాహనాల స్వయంచాలకతకు 0 నుంచి 5 వరకు స్థాయిలు ఉన్నాయి. మూడో స్థాయిలో యంత్రం పిలిచినప్పుడు మనిషి స్టీరింగు అందుకోవాలి. నాలుగో స్థాయి బండికి మనిషి అవసరం లేదు, అయితే ఫలానా ప్రాంతం, ఫలానా వాతావరణం అని హద్దులు ఉంటాయి. ఎక్కడైనా ఎప్పుడైనా నడిచేది అయిదో స్థాయి. వేమోలాగా లోపల డ్రైవరు లేకుండా తిరిగే రోబో టాక్సీలు నాలుగో స్థాయివి. అయిదో స్థాయి బండి ఇప్పటిదాకా ఎవరూ రోడ్డెక్కించలేదు. రోడ్ల నిండా వచ్చేస్తాయని చెప్పేవారు ఈ రెంటినీ కలిపేసి మాట్లాడుతున్నారు, నాకు కోపం వచ్చేది అక్కడే.

రాత్రిపాళీ:

19 ఏళ్లుగా సరుకు లారీ నడుపుతున్నాను. పూలబాట అక్కా, ఆ డ్రైవరు రెండు రాత్రులు ఎందుకు నిద్ర లేకుండా ఉన్నాడో నాకు తెలుసు. ఆలస్యమైతే కిరాయి కోస్తారు. అతన్ని వెనకేసుకు రావడం లేదు. అతన్ని అలా తోలినవారు రేపు యంత్రాన్ని కొనుక్కుంటారు, ఏ లెక్కా చెప్పకుండా బయటపడతారు. అది నాకు మింగుడు పడటం లేదు.

ఇక నడపడం గురించి. స్టీరింగు తిప్పడం నా పనిలో సగమే. దారిలో టైరు పగిలితే ముందు బండిని పక్కకు తీయాలి, వెనక నుంచి వచ్చేవారికి కనిపించేలా దూరంగా హెచ్చరిక త్రికోణాలు పెట్టాలి. అమెరికాలో పది నిమిషాలలోపు అవి పెట్టాలని నియమం ఉంది. మనిషి లేని లారీ నుంచి ఎవరు దిగి పెడతారు? 2023లో వేమో, అరోరా కంపెనీలు ఆ నియమం నుంచి మినహాయింపు కావాలని, బదులుగా క్యాబిన్ మీద లైట్లు పెడతామని అడిగాయి. చిన్న విషయంలా కనిపిస్తుంది. చీకట్లో ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్ది ఎంతమంది పోతారో రాత్రిపూట తిరిగేవారిని అడగండి.

తాళ్లు వదులైతే సరుకు ఒక పక్కకు జరుగుతుంది. అద్దంలో చూడకముందే బండి తూగులో తేడా నడుముకు తెలుస్తుంది. బ్రేకు వేడెక్కితే ముక్కుకు తెలుస్తుంది. వీటికి కూడా సెన్సర్లు పెట్టవచ్చు, కాదనను. పెడతారా అన్నదే నా అనుమానం.

అరోరా 2025లో డాలస్, హ్యూస్టన్ల మధ్య డ్రైవరు లేని లారీలు మొదలుపెట్టింది. కొద్ది వారాలకే లారీ తయారుచేసిన కంపెనీ కోరిందని మళ్లీ ముందు సీటులో ఒక మనిషిని కూర్చోబెట్టింది. మనిషి అక్కర్లేదని వాళ్లు చెబుతున్నారు సరే, తయారీదారు ఎందుకు భయపడ్డట్టు?

న్యాయపథం:

బీమా క్లెయిముల పరిశీలనలో పని చేసిన అనుభవంతో రాస్తున్నాను. రాత్రిపాళీ గారు అన్న 'లెక్క చెప్పడం' అన్నిటికన్నా ముఖ్యమని నాకనిపిస్తుంది.

2018 మార్చి 18 రాత్రి అరిజోనాలోని టెంపీలో సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను ఉబర్ కంపెనీ స్వయంచాలక ప్రయోగ వాహనం ఢీకొట్టి చంపింది. యంత్రం ఆమెను 5.6 సెకన్ల ముందే పసిగట్టింది. అయితే ఆమెను ఒకసారి వాహనం అనుకుంది, ఒకసారి గుర్తు తెలియని వస్తువు అనుకుంది, ఒకసారి సైకిలు అనుకుంది. అభిప్రాయం మార్చుకున్న ప్రతిసారీ ఆమె అప్పటిదాకా ఎటు కదిలిందో ఆ లెక్కను పక్కన పడేసింది. జీబ్రా గీతలు లేని చోట మనిషి రోడ్డు దాటవచ్చన్న ఆలోచనే ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదని దర్యాప్తులో తేలింది. కారు తయారీదారు అమర్చిన అత్యవసర బ్రేకును ప్రయోగాల కోసం ఆపి ఉంచారు. పర్యవేక్షణకు కూర్చున్న ఉద్యోగిని ఫోను చూస్తోంది.

తరువాత ఏమైంది? కంపెనీ మీద నేరం మోపడానికి ఆధారం లేదని 2019లో ప్రాసిక్యూటరు తేల్చారు. కేసు ఉద్యోగిని మీద నడిచింది. 2023లో ఆమె నేరం ఒప్పుకుంది, మూడేళ్ల ప్రొబేషన్, అంటే అధికారుల పర్యవేక్షణలో ఉండాలన్న శిక్ష, పడింది. ఆమె తప్పు లేదని అనడం లేదు. అన్ని నిర్ణయాలు అంతమంది చేసిన చోట శిక్షకు చిక్కింది ఆమె ఒక్కతే.

2023లోనే అక్టోబరు 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో మనిషి నడుపుతున్న ఒక కారు ఒక మహిళను ఢీకొట్టి, క్రూజ్ కంపెనీ నడిపే డ్రైవరు లేని టాక్సీ ముందుకు విసిరేసింది. క్రూజ్ బండి ఆగింది, ఆపైన రోడ్డు పక్కకు జరగాలన్న నియమం ప్రకారం కదిలి, కింద ఉన్న ఆమెను సుమారు ఆరు మీటర్లు ఈడ్చింది. ఆ ఈడ్చిన సంగతి కంపెనీ మొదట చెప్పలేదని అధికారులు ఆరోపించి అనుమతి నిలిపివేశారు. 2024 డిసెంబరులో క్రూజ్ యజమాని జనరల్ మోటార్స్ ఆ టాక్సీలకు డబ్బు పెట్టడమే మానేసింది. ఒక్క ఘటనకు ఒక కంపెనీ కూలిపోలేదు. దాచడం వల్ల కూలింది.

బ్రిటన్ 2024లో చేసిన చట్టం నాకు కొంత నచ్చింది. బండి తనంతట తాను నడుస్తున్నప్పుడు జరిగిన తప్పుకు లోపల కూర్చున్నవారు నేరస్తులు కారు, అనుమతి పొందిన సంస్థే బాధ్యత వహించాలి. జర్మనీ 2021 చట్టం అలాంటి బండ్ల మీద దూరం నుంచైనా ఒక మనిషి సాంకేతిక పర్యవేక్షణ ఉండి తీరాలంది. ఇలాంటి చట్టం లేని చోట ఈ బండ్లు ఒక్కటి కూడా కదలకూడదని నా అభిప్రాయం.

గగనం:

విమానాల నిర్వహణలో పని చేస్తాను. తెల్లగీత గారు చెప్పిన మూడో స్థాయి గురించి ఒక మాట. 2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో వేగం కొలిచే గొట్టాలు మంచు పట్టి తప్పుడు లెక్కలు ఇచ్చాయి. ఆటోపైలట్ తప్పుకుని విమానాన్ని పైలట్ల చేతిలో పెట్టింది. నాలుగు నిమిషాలు దాటిన కొద్దిసేపటికి అది సముద్రంలో పడింది. 228 మంది. శిక్షణ పొందిన పైలట్లకు, అంత ఎత్తులో, నిమిషాల వ్యవధి ఉండి కూడా ఏం జరుగుతోందో అంతుపట్టలేదు. రోడ్డు మీద కారు సీటులో పత్రిక చదువుకుంటున్న మనిషికి ఎన్ని సెకన్లు ఇస్తారు? నన్నడిగితే సగం యంత్రం, సగం మనిషి అన్న బండే అన్నిటికన్నా ప్రమాదం.

పాలపుంత:

ఇద్దరిలో ఒకరినే కాపాడగలిగితే కారు ఎవరిని కాపాడాలి అనే ప్రశ్న గురించి ఎవరూ మాట్లాడలేదే?

తెల్లగీత:

పాలపుంత గారూ, నా ఆరేళ్లలో ఆ ప్రశ్న ఒక్కసారీ ఎదురు కాలేదు. గాలికి ఎగిరిన ప్లాస్టిక్ సంచికి బ్రేకు వేయాలా వద్దా అన్నది ప్రతివారం ఎదురైంది.

కాలినడక:

నాకు భయం వేసేది వేరే చోట. బండ్లు మనల్ని అర్థం చేసుకోలేకపోతే, మనల్నే బండ్లకు అర్థమయ్యేలా మారమంటారు.

ఇది ఒకసారి జరిగింది. మోటారు కార్లు రాకముందు వీధి అందరిదీ. పిల్లలు ఆడుకునేవారు, అమ్మకాలు జరిగేవి, జనం ఎక్కడ కావాలంటే అక్కడ దాటేవారు. కార్లు వచ్చి మనుషులను చంపడం మొదలుపెట్టాక అమెరికాలో 1920లలో మోటారు వర్గాలు గట్టిగా ప్రచారం చేసి, ఇష్టం వచ్చిన చోట దాటడం నడిచేవారి తప్పు అన్న భావనను జనంలో నాటాయి. చట్టాలు కూడా అలాగే వచ్చాయి. ఒక తరం గడిచేసరికి ఎవరికీ అది వింతగా తోచలేదు.

న్యాయపథం గారు చెప్పిన టెంపీ ఘటన మళ్లీ చదవండి. గీతలు లేని చోట మనిషి ఉండడని ఆ సాఫ్ట్‌వేర్ అనుకుంది. రేపు బండ్లు ఎక్కువయ్యాక, మనుషులు గీతల దగ్గరే దాటాలి, రోడ్డుకు రెండువైపులా కంచె వేయాలి, మెడలో సంకేతాలు పంపే పరికరం వేసుకోవాలి అంటారు. వేసుకోనివారు చనిపోతే తప్పు వారిదే అవుతుంది. బండి భద్రత లెక్కలు అద్భుతంగా కనిపిస్తాయి. ఆ లెక్కలోకి రాకుండా పోయేది వీధి.

ఇంకో మాట కూడా చెప్పి ముగిస్తాను. ఆపి ఉంచే చోటు దొరకనప్పుడు ఖాళీ కారును వీధుల్లో చుట్టూ తిప్పుతూ ఉండటం డ్రైవరు లేనప్పుడు చాలా తేలిక.

పూలబాట:

కాలినడక గారూ, నా తమ్ముడు గీతల దగ్గర లేడు. కంచె లోపలా లేడు. రోడ్డు పక్కన ఉన్నాడు. మీరన్నట్టు జరిగితే అతనిదే తప్పంటారు కదా. దీన్ని నేను ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పటికీ యంత్రమే కావాలంటాను, కానీ న్యాయపథం గారు చెప్పిన చట్టం ముందు రావాలి.

అక్షరదీపిక:

నాకు పుట్టుకతో చూపు లేదు. ఫోను చదివి వినిపిస్తుంటే ఈ టపాలన్నీ విన్నాను.

2015లో చూపు లేని ఒక వ్యక్తి టెక్సాస్‌లోని ఆస్టిన్ వీధుల్లో గూగుల్ కారులో ఒంటరిగా ప్రయాణించాడు. స్టీరింగు లేని కారు, పక్కన ఎవరూ లేరు. ఆ వార్త విన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరినీ బతిమాలకుండా, ఎవరి తీరిక కోసమూ ఎదురుచూడకుండా, అనుకున్న క్షణంలో బయలుదేరడం ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలిసినదే కాబట్టి దాని విలువ మీకు తట్టకపోవచ్చు. కాబట్టి నేను ఈ బండ్ల పక్షమే.

అయితే చక్రధరం గారి మొదటి టపా నన్ను చాలాసేపు ఆపింది. డ్రైవరు కళ్లు చూసి దాటడం గురించి రాశారు. నేను ఏ డ్రైవరు కళ్లూ ఎప్పుడూ చూడలేదు. అయినా ఇన్నేళ్లుగా రోడ్లు దాటుతూనే ఉన్నాను. నేను ఇంజను వింటాను. దూరంగా వస్తున్న మోత ఒక మెట్టు దిగితే నన్ను చూశారని అర్థం. దిగకపోతే ఆగుతాను. కర్ర ముందుకు చాపి నిలబడతాను, మళ్లీ వింటాను.

డ్రైవరు లేని టాక్సీల్లో చాలావరకు విద్యుత్తు కార్లు. వాటికి మోత లేదు. యూరప్‌లో విద్యుత్తు కార్లు గంటకు 20 కిలోమీటర్ల వేగం దాకా తప్పనిసరిగా శబ్దం చేయాలని నియమం పెట్టారు, మంచిదే. ఆ శబ్దం కారు వస్తోందని చెబుతుంది. నన్ను చూసిందో లేదో చెప్పదు. కారు నెత్తిన తెరలు పెట్టి 'దాటండి' అని రాసి చూపిస్తారని కూడా విన్నాను. నాకు ఆ అక్షరాలు ఎవరు చదివి వినిపిస్తారు?

లోపల కూర్చుంటే ఈ బండి నాకు రెక్కలు ఇస్తుంది. బయట నిలబడితే అదే బండికి నేను ఎవరినో తెలియదు. రెండు చోట్లా ఉండేది నేనే.

చక్రధరం:

అమ్మా, తెల్ల కర్ర కనిపిస్తే నేను దూరం నుంచే ఒక చిన్న హారన్ కొట్టి బస్సు ఆపేవాడిని. దాటమని చెబుతున్నానని అనుకునేవాడిని. 31 ఏళ్లు అలాగే చేశాను. అది మీకు అలాగే వినిపించేదా?

అక్షరదీపిక:

లేదండీ. హారన్ వింటే ఆగిపోతాం. ఎవరికి కొట్టారో తెలియదు, తప్పుకోమన్నారో రమ్మన్నారో తెలియదు. మీలాంటివారు ముందుగానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, గేరు తగ్గించి, బండిని గీతకు కాస్త వెనకే పూర్తిగా ఆపేస్తే చాలు. ఇంజను కుదురుగా ఒకే చోట కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది. అప్పుడు అడుగు వేస్తాం.

తెల్లగీత:

అక్షరదీపిక గారూ, ఈ టపాను మా బృందానికి చూపించవచ్చా? వేగం తగ్గే తీరును బట్టి శబ్దం మారడం, ఆగాక ఒకే చోట నుంచి స్థిరంగా వినిపించడం మా జాబితాలో లేదు. బయట శబ్దం అంటే ఇప్పటిదాకా మేము హారన్ గురించే ఆలోచించాం.

అక్షరదీపిక:

చూపించండి. పరీక్షించే రోజున నన్నూ పిలవండి, గీత దగ్గర నేను నిలబడతాను.